మల్బరీ తోటలో కరెంటు బీడీ

మా బావ బీడీ మానాలని చూసిన ప్రతిసారీ ఆ సంగతి అందరికంటే ముందు వాళ్ళ ఆవుకు తెలిసేది. పాలు పితికే చేతులు వణికేవి, ఆవు కాలు విదిలించేది, చెంబు దొర్లిపోయేది. రెండో రోజు పక్క పొలంవాళ్ళతో నీళ్ళ దగ్గర మాటామాటా పెరిగేది. మూడో రోజు సాయంత్రానికి చొక్కా జేబులో మళ్ళీ బీడీకట్ట కనిపించేది. నాకు తెలిసి ఇలా ఐదారుసార్లు జరిగింది. పదిహేనేళ్ళ వయసులో పట్టిన అలవాటు. నలభై దాటేసరికి రోజుకు రెండు కట్టలు కావాల్సి వచ్చేవి. పొద్దున లేవగానే దగ్గు, ఆ దగ్గు నెమ్మదించడానికి ఒక బీడీ.

బావ అంటే మా అక్క భర్త. వాళ్ళ ఊరు ధర్మపురి జిల్లా మారండహళ్ళికి దగ్గర, కొండల వైపు. మా ఇళ్ళల్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం, సంతకు పడమటివాళ్ళు వస్తే కన్నడం. బడి చదువంతా తమిళంలోనే. ఈ తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక హోసూరులో నేర్చుకున్నాను. అక్కకూ బావకూ ఇప్పటికీ తెలుగు చదవడం రాదు. నేను రాసింది చదివి వినిపిస్తే వింటారు.

బావి కింద ఉన్న ఒకటిన్నర ఎకరంలో బావ ఏళ్ళ తరబడి టమాటా వేశాడు. ఒక ఏడాది పండి ధర లేక పారబోయడం, ఒక ఏడాది పండకపోవడం చూసి చూసి అక్కకు విసుగొచ్చింది. పట్టుపురుగుల పెంపకం నేర్పుతున్నారని తెలిసి వారం రోజులు శిక్షణకు పోయింది. నోటుపుస్తకం నిండా రాసుకొని వచ్చింది. వచ్చిన రోజే బావతో చెప్పింది, ఇక ఆ నేలంతా మల్బరీ పెట్టాలని. బావ వాదించలేదు. మొక్క నాటాడు, గొట్టాలు పరిచి చుక్కనీరు పెట్టాడు, ఇంటికి వందడుగుల దూరంలో పురుగులకు రేకుల షెడ్డు లేపాడు. ఆ షెడ్డు లోపలికి మాత్రం ఆయనకు ప్రవేశం లేకుండా పోయింది.

కారణం బీడీ. పట్టుపురుగుకు పొగాకు పడదు. పొగే కాదు, పొగాకు తాకిన చెయ్యి ఆకును ముట్టుకున్నా చాలు, ఆ ఆకు తిన్న పురుగు తల పైకెత్తి కొట్టుకుంటుంది, కక్కుకుంటుంది, చచ్చిపోతుంది. అక్క నోటుపుస్తకంలో మొదటి పేజీలో గీత గీసి రాసుకున్న నియమం ఇదే. బావ తెల్లవారుజామున లేచి స్నానం చేసి, నోరు కడుక్కొని, మల్బరీ కొమ్మలు కోసి మోపు కట్టి షెడ్డు గుమ్మం దాకా తెచ్చేవాడు. అక్కడ సున్నం చల్లిన గీత ఉండేది.

"మీరు ఆడనే నిలవండి," అనేది అక్క లోపలినుంచి.

ఆయన మోపు దింపి, వల కట్టిన కిటికీ దగ్గర నిలబడేవాడు. "ఎట్ల తింటా ఉండాయి?" అని అడిగేవాడు.

"బాగనే తింటా ఉండాయి. మీరు దూరం పోండి, ఊపిరి ఈ పక్క కొడతా ఉంది."

ఒక ఏడాదిపాటు ఇలాగే నడిచింది. ఆకు పెంచిన మనిషి, ఆ ఆకును పురుగులు ఎలా తింటాయో దగ్గరగా ఒక్కసారి కూడా చూడలేదు. దాన్ని గురించి ఎవరిముందూ ఒక్క మాట అనలేదు. సెలవుకు పోయినప్పుడు ఆ కిటికీ దగ్గర ఆయన నిలబడిన తీరు చూసి నాకే ఏదోలా అనిపించేది.

నేనప్పుడు హోసూరులో విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. నాకు సిగరెట్ల అలవాటు. మానడానికని ఒక వేప్ కొన్నాను. అప్పటికింకా దాని మీద నిషేధం లేదు, దుకాణంలో బోర్డు పెట్టి అమ్మేవాళ్ళు. వాడి పారేసే రకం కాదు, మళ్ళీ మళ్ళీ నింపుకొనే రకం. చూడ్డానికి ముచ్చటైన వస్తువు. కింద బ్యాటరీ, దానిపైన బొటనవేలంత గాజు ట్యాంకు, ట్యాంకు నడుమ సన్నని తీగచుట్ట, ఆ చుట్టలో దూది. మీట నొక్కితే తీగ వేడెక్కి, దూది పీల్చుకున్న ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఆ ద్రవంలో నికోటిన్ ఉంటుంది. బూడిద ఉండదు, నిప్పు ఉండదు.

కొన్న కొత్తలో నాకెంతో గొప్పగా అనిపించింది. నెల తిరిగేసరికి మోజు తీరింది. దానికి రోజూ ద్రవం నింపాలి. రెండు వారాలకొకసారి తీగచుట్ట మార్చాలి, లేకపోతే కాలిన దూది రుచి గొంతులో సాయంత్రందాకా ఉంటుంది. ఛార్జింగు మరిచిపోతే చేతిలో ఉన్నది ఉత్త గొట్టం. అలా అది పనిచేయని పూట సిగరెట్టు కాల్చేవాణ్ణి. కొన్నాళ్ళకు అది పనిచేసిన పూట కూడా కాల్చాను. చివరికి రెండు అలవాట్లు మిగిలాయి. విసుగొచ్చి దాన్ని పెట్టెలో పడేశాను.

అప్పుడు బావ గుర్తొచ్చాడు. తర్వాతి సెలవుకు ఆ వస్తువునూ రెండు సీసాల ద్రవాన్నీ తీసుకొని మారండహళ్ళి బస్సెక్కాను.

మోటారు కొట్టంలో కూర్చొని ఉన్నాడాయన. చేతికిచ్చాను. తిప్పి చూశాడు.

"ఇదేమప్పా, టార్చిలైటా?"

"బీడీకి బదులు, బావా. పొగ రాదు, ఆవిరి వస్తుంది."

నేను వివరించేలోపే ఆయన తువ్వాలు పరిచి దాన్ని విప్పేశాడు. ఊళ్ళో ఎవరి మోటారు చెడినా చూసే మనిషి. ట్యాంకు, మూత, తీగచుట్ట, రబ్బరు రింగులు వరసగా పెట్టి ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. పది నిమిషాల్లో తిరిగి బిగించాడు.

"ఇంతేనా? నూనె, ఒత్తి, వేడి. మన దీపం మాదిరే," అన్నాడు.

నేను నాలుగు జాగ్రత్తలు చెప్పాను. నింపిన వెంటనే పీల్చకూడదు, దూది తడిసేదాకా కాసేపు ఆగాలి. అంచుదాకా నింపకూడదు. ద్రవం చేతికి అంటితే వెంటనే కడుక్కోవాలి. సీసా పిల్లలకు అందేచోట పెట్టకూడదు. ఒక సంగతి మాత్రం చెప్పలేదు. ట్యాంకు అడుగున ఉన్న రబ్బరు రింగు పాతబడింది, నా దగ్గర ఉన్నప్పుడే ఒకటి రెండుసార్లు తడి కనిపించింది. కొత్త రింగులు హోసూరులో నా గదిలో ఉన్నాయి. వచ్చేసారి తెచ్చి వేద్దాంలే అనుకున్నాను.

అక్కకు ఆ వస్తువు నచ్చలేదు. కరెంటు బీడీ అని పేరు పెట్టింది. అయినా అడ్డు చెప్పలేదు. నెలన్నరలో బావ రెండు కట్టలనుంచి ఒక కట్టకు, తర్వాత నాలుగైదు బీడీలకు వచ్చాడు. ఒకరోజు ఫోన్ చేసి, బీడీ ముట్టుకొని వారమైందని చెప్పాడు. నేను నమ్మలేదు. ఆ ఆదివారం పోయి చూశాను. చొక్కాకు వాసన లేదు. లుంగీకి కొత్తగా నిప్పురవ్వల చిల్లులు పడలేదు. పొద్దుటి దగ్గు బాగా తగ్గింది.

"నాకు చేతకాలేదు, నీకెట్ల కుదిరింది బావా?" అని అడిగాను.

"బీడీ ముట్టిస్తే అది అయిపోయేదాకా మనం దాని దగ్గర కూచోవాల. ఇది మనం చెప్పినట్ల వింటాది. రెండుసార్లు పీల్చి జేబులో పెట్టుకోవచ్చు. పని నిలవదు."

నిజానికి అసలు సంగతి ఆయన ఓపిక. నాకు చాకిరీగా కనిపించిన పనులన్నీ ఆయనకు ఇష్టమయ్యాయి. ప్రతి ఆదివారం ట్యాంకును వేణ్ణీళ్ళతో కడిగి, గుడ్డమీద ఆరబెట్టి, తీగకొసలు తుడిచి బిగించేవాడు. నాకు రెండు వారాలు వచ్చిన తీగచుట్ట ఆయన చేతిలో నెల వచ్చేది. కష్టాలు ఆయనకూ తప్పలేదు. మట్టి చేతులతో మీట నొక్కితే ఇరుక్కుపోయేది. కరెంటు పోయిన రోజు పక్కఊరికి పోయి ఛార్జి చేసుకొని వచ్చేవాడు. చిన్న తీగచుట్ట కావాలన్నా నేను హోసూరునుంచి బస్సులో తేవాలి. ఎండాకాలంలో ద్రవం నీళ్ళలా పలచబడి గొంతులోకి చుక్కలు వచ్చేవి. ఇవన్నీ చెప్పేవాడే గాని ఫిర్యాదుగా చెప్పేవాడు కాదు.

మూడో నెల అక్క ఆయన చేతులు వాసన చూసింది. చొక్కా వాసన చూసింది. మళ్ళీ సబ్బుతో కడగమంది. "ఆ కరెంటు బీడీని మోటారు కొట్టంలో పెట్టి రండి," అంది. పెట్టి వచ్చాడు. అప్పుడు సున్నం గీత దాటనిచ్చింది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. బావ అరల నడుమ నడిచి, కుబుసం విడిచే నిద్ర ముగించి లేచిన పురుగుల మీద ఒక కొమ్మ తనే పరిచాడు. అవి ఆకు అంచున వరసగా చేరి పైనుంచి కిందికి కొరుక్కుంటూ పోయాయి. నడుము వంచి చాలాసేపు చూశాడు. "ఇంత ఆకలి ఉంటాదా వీటికి," అన్నాడు. అక్క మోపులో సగం ఆయనకిచ్చి, రెండో వరస చూసుకోమంది. ఆ పంట బాగా వచ్చింది. పట్టుగూళ్ళు గట్టిగా, తెల్లగా ఉన్నాయని అందరూ అన్నారు.

తర్వాతి పంటలో దెబ్బ తగిలింది.

పురుగులు గూడు కట్టడానికి ఐదు రోజులుందనగా నేను సాయానికి సెలవు పెట్టి వచ్చాను. ఆ చివరి వారం అవి అంతకుముందు మూడు వారాల్లో తిన్నదానికంటే ఎక్కువ తింటాయి. కోత, మోత, పరవడం, వేరే పనికి తీరిక ఉండదు. ఎండలు ముదిరాయి. ఆ పొద్దున బావ కోసిన కొమ్మల మోపును రెండు చేతులా గుండెకు హత్తుకొని తెచ్చి గుమ్మంలో దింపాడు. అక్క ఆ ఆకును మొదటి మూడు అరల్లో పరిచింది. మిగతా అరలకు నేను తెచ్చిన మోపు వేసింది.

గంటన్నర తర్వాత అక్క నన్ను పిలిచింది. లోపలికి పోయి చూశాను. మొదటి మూడు అరల్లో పురుగులు ఆకు తినడం లేదు. తలలూ ఛాతీలూ పైకెత్తి అటూ ఇటూ ఊగుతున్నాయి. కొన్ని పచ్చటి రసం కక్కుతున్నాయి. కొన్ని పక్కకు పడిపోయి మెలికలు తిరుగుతున్నాయి. అక్క అప్పటికే ఆ ఆకంతా తీసేసి కిటికీలు తెరిచింది. పట్టుశాఖ ఆఫీసరుకు ఫోన్ చేసింది.

ఆయన మోటారు సైకిలు మీద మధ్యాహ్నానికి వచ్చాడు. ఒక పురుగును అరచేతిలో పెట్టుకొని కాసేపు చూశాడు. తమిళంలోనే అడిగాడు.

"ఇది విషం. పక్క పొలంలో ఏమైనా మందు కొట్టారా?"

కొట్టారు. పక్కవాళ్ళు నిన్న సాయంత్రమే టమాటాకు మందు కొట్టారు. అక్క ముఖం ఎర్రబడింది. గాలి మా వైపు ఉన్నప్పుడు కొట్టవద్దని ఎన్నోసార్లు చెప్పామని, వినలేదని చెప్పింది. ఇప్పుడే పోయి అడుగుతానని చీర కొంగు బిగించింది.

"ఉండమ్మా," అన్నాడు ఆఫీసరు. "ఇంట్లో పొగాకు వాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరు సార్. మా ఇంటాయన బీడీ మాని ఐదు నెలలయింది." ఆ మాట అక్క తలెత్తి చెప్పింది.

నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఆ పాత రింగు కళ్ళముందు కనిపించింది. నాలుగు సెలవులకు వచ్చి పోయాను, నాలుగుసార్లూ మరిచిపోయాను. నోరు తెరవాల్సింది. తెరవలేదు. పక్కవాళ్ళ మందు వల్లే అయి ఉండవచ్చని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బావ బయట నిలబడి ఉన్నాడు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఆ వస్తువును తీశాడు. జేబు కిందిభాగం తడిసి, చొక్కాకు అరచెయ్యంత మచ్చ ఉంది. ఆఫీసరు ముందుకు పోయి అరచెయ్యి చాపాడు.

"సార్, దీన్ని చూడండి. పక్కోళ్ళ మీద పోవద్దు. పొద్దున మోపు ఎత్తుకొనేటప్పుడు ఇది నా జేబులో ఉండింది. కారినట్ల ఉంది. ఆకు అంతా నా గుండెకానించే తెచ్చినాను."

ఆఫీసరు దాన్ని వాసన చూశాడు. అదేమిటో ఆయనకు తెలుసు. కోప్పడలేదు. "పొగ లేకపోతే ఏమి, ఇందులో ఉన్నది పొగాకు విషమే కదయ్యా," అన్నాడు. "కొంచెం అంటితే మన చర్మం తట్టుకుంటుంది. వీటికి ఒక చుక్క చాలు."

అప్పుడు నా నోరు కదిలింది. "తప్పు నాది బావా. ఆ రబ్బరు పాతది. నాకు తెలుసు. మార్చి ఇవ్వాల్సింది."

"నింపింది నేను గదప్పా. పొద్దున తొందరలో అంచుదాకా పోసినాను. నువ్వు వద్దని చెప్పినావు."

నేను చెప్పనిది ఒకటుందని తెలిసీ, నేను చెప్పినదాన్నే గుర్తుపెట్టుకొని నన్ను కాపాడాడు. ఆయన నోరు విప్పకపోతే ఆ రోజు తప్పు పక్క పొలంవాళ్ళ మీదికి పోయేది. తరతరాలుగా ఒకే కాలవ నీళ్ళు పంచుకుంటున్న రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోయేవి. నలుగురి ముందు, ఆయన్ను చూసి గర్వపడిన భార్య ముందు, ఆయన ఆ వస్తువు బయటికి తీశాడు. మనుషుల్లో నేను చూసిన ధైర్యాల్లో దాన్ని పైన పెడతాను.

ఆఫీసరు చెప్పినట్లు పురుగుల కింద ఆకుల పడకంతా మార్చాం. గాలి ఆడనిచ్చాం. చేతులు కడుక్కొని, నేను కొత్తగా కోసుకొచ్చిన ఆకును కొంచెం కొంచెం వేశాం. పొద్దు వాలేసరికి మూడు అరల్లో సగం పురుగులు తలలు దించి తినడం మొదలుపెట్టాయి. మిగతా సగం కోలుకోలేదు. బావ తోట మూలన గుంట తవ్వి, సున్నం చల్లి పూడ్చాడు. నన్ను పార ముట్టుకోనివ్వలేదు.

అక్క రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ వస్తువును విసిరి బావిలో పారేస్తుందని నేననుకున్నాను. మూడో రోజు అన్నం పెడుతూ నన్నడిగింది.

"ఆ బుడ్డి మీద పద్దెనిమిది అని రాసి ఉండాదే, అదేమి?"

"అందులో ఉన్న నికోటిన్ లెక్క, అక్కా."

"ఇంతకంటే తక్కువ ఉండేది దొరకదా?"

"దొరుకుతుంది. పన్నెండు, ఆరు, మూడు. ఏమీ లేనిది కూడా ఉంది."

అక్క బావ వైపు తిరిగింది. "పారేయండి అంటే మీరు పారేస్తారు. అది నాకు తెలుసు. మళ్ళీ నాలుగు దినాలకు బీడీ పడతారు. అదీ తెలుసు. సుమ్మా, ఊరికే పారేసి ఏమి లాభం? దాంట్లో మనమే కదా పోసేది. తక్కువది పోయండి. పంటకొక మెట్టు దిగండి."

నేను నెలల తరబడి ఆ వస్తువును మోసి కూడా ఆలోచించని ఉపాయం అది. మూత బిగించి అమ్మే రకమైతే అందులో ఏముంటే అదే పీల్చాలి. ఇది నింపుకొనేది, కాబట్టి ఏది నింపాలో మన చేతిలో ఉంది. పురుగులు ఒక్కో నిద్ర దాటేకొద్దీ మేత ఎలా మార్చాలో నేర్చుకున్న మనిషి, అదే లెక్క మొగుడికి వేసింది.

నియమాలు కూడా అక్కే పెట్టింది. ఆ వస్తువు ఇకమీద జేబులో ఉండకూడదు. మోటారు కొట్టంలో మేకుకు తగిలించిన రేకు డబ్బాలోనే ఉండాలి. ఆకు పని ముగిశాకే దాన్ని ముట్టాలి. ముట్టిన చొక్కాతో తోటలోకి రాకూడదు. సీసాలు ఇనప్పెట్టెలో, తాళం వేసి. నేను వాటిమీద ప్లాస్టరు అంటించి తమిళంలో విషం అని పెద్దగా రాశాను. కొత్త రింగులు కూడా ఈసారి మరిచిపోకుండా తెచ్చి బిగించాను.

పద్దెనిమిదినుంచి పన్నెండుకు దిగడం బావకు కష్టం కాలేదు. పన్నెండునుంచి ఆరుకు దిగినప్పుడు మాత్రం విలవిల్లాడాడు. తక్కువ బలం ఉన్నదాన్ని ఎక్కువసార్లు పీల్చేవాడు. సీసా ముందే అయిపోయేది, తీగచుట్ట తొందరగా మాడేది. ఒక పంట మధ్యలో మళ్ళీ పన్నెండుకు ఎక్కాడు. ఆ సంగతి అక్కతో తనే చెప్పుకున్నాడు. అక్క నవ్వి, "సరి, వచ్చే పంటకు చూడండి," అంది. వచ్చే పంటకు దిగాడు. ఆ తర్వాత మూడుకు వచ్చి చాలాకాలం అక్కడే ఆగిపోయాడు.

ఆ సమయంలోనే నిషేధం వచ్చింది. హోసూరులో నేను కొనే దుకాణం ఒక రోజు షట్టరు దించేసింది. బావ దగ్గర మూడుది ఒక సీసా, ఏమీ లేనిది ఒక సీసా మిగిలాయి. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఒకతను, చాటుగా అమ్మేవాణ్ణి తనకు తెలుసన్నాడు. బావకు ఫోన్ చేశాను.

"తెమ్మంటావా బావా? ఇంకో రెండు మూడు సీసాలు దొరికితే నీకు సరిపోతుంది."

"వద్దప్పా. బోర్డు పెట్టి అమ్మినప్పుడే దాంట్లో ఏముండాదో మనకు సరిగా తెలీదు. దాచిపెట్టి అమ్మేవాడు ఏమి పోసినాడో ఎవరికి తెలుసు? మన పురుగులకు ఎవరో ఇచ్చిన ఆకు వేస్తామా?"

"మరి ఎట్ల?"

"ఉండేది అయిపోయేదాకా. దాని తర్వాత లేదు."

ఆ రెండు సీసాల్నీ ఆయన తన లెక్క ప్రకారం కలుపుకొన్నాడు. మొదట సగం సగం. తర్వాత మూడుది తగ్గిస్తూ, ఏమీ లేనిదాన్ని పెంచుతూ. చివరి వారాల్లో పీల్చిందంతా ఉత్త ఆవిరే. ఎప్పుడు ఆపాడో ఎవరికీ చెప్పలేదు. వానాకాలంలో ఒక పొద్దున అక్క మోటారు కొట్టంలో ఏదో వెతుకుతూ రేకు డబ్బా తెరిస్తే ట్యాంకు ఎండిపోయి, దూది గట్టిపడి ఉందట. ఎన్నాళ్ళయిందని అడిగితే, "పద్దినాలు అయుంటాది," అన్నాడట. ఆ పది రోజుల్లో ఆయన వేయించిన శెనక్కాయలు జేబులో పోసుకొని నములుతూ తిరిగాడని, పక్క పొలంవాళ్ళతో ఒక్క మాట తేడా రాలేదని అక్క నాతో చెప్పింది.

తర్వాత నేనే ఆయన్ను ధర్మపురి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాను, ఊపిరితిత్తులు చూపించడానికి. డాక్టరమ్మ ఛాతీకి గొట్టం ఆనించి విన్నది, ఊదించి చూసింది. ఏమి చేసి మానారని అడిగితే బావ అంతా చెప్పాడు. ఆమె విని, మెచ్చుకోవడంతో ఆగలేదు.

"ఇది బీడీ అంత చెడ్డది కాదని కొందరు మానేదానికి వాడతారు. మానకుండా దాన్నే పట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. ఊపిరితిత్తికి కావలసింది గాలి ఒక్కటే. మీకు మేలు చేసింది ఆ మిషను కాదు, మీరు మెట్లు దిగడం."

బావ వినయంగా తలూపాడు. బయటికి వచ్చాక, "డాక్టరమ్మ చెప్పింది నిజమే. అయినా ఆ మెట్లు ఉండింది దాంట్లోనే కదా," అన్నాడు. ఇద్దరి మాటా సరైనదేనని నాకు అనిపించింది. అదే వస్తువును నేనూ వాడాను. నాకు అది రెండో అలవాటుగా మిగిలింది. నేను సిగరెట్టు మానడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు, బావ ముందు కాల్చడానికి సిగ్గేసి మానాను.

ఈమధ్య ధర్మపురి పట్టుగూళ్ళ మార్కెట్టుకు వాళ్ళతో కలిసి పోయాను. వేలం మొదలయ్యేముందు మూటల మీద కూర్చొని కాఫీ తాగుతుంటే, ముప్పై ఏళ్ళ రైతొకతను బావను వెతుక్కుంటూ వచ్చాడు. కొత్తగా మల్బరీ పెట్టాడట. సిగరెట్టు మానలేక, పెళ్ళాం షెడ్డులోకి రానివ్వక అవస్థ పడుతున్నాడట. బావ ఏదో మిషనుతో మానాడని ఎవరో చెప్పారట. మంచిదేనా, ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాడు.

బావ కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"మంచి మిషనే. అబద్ధం చెప్పకూడదు. దాంతోనే నేను బయటపడినాను. మనం పోసేది, మనం తగ్గించుకొనేది. నిప్పు లేదు, వాసన లేదు. తొందరవులు, కష్టాలు కూడా ఉండాయి. కారుతుంది. రోజూ కడగాల. ఒత్తి మాడుతుంది. దాన్ని ఎంత బాగా చూసుకుంటే అంత నీ దగ్గరే ఉంటాది, పోనంటాది. దాంట్లో ఉండేది విషం. నేను దాంతో పురుగుల్ని చంపినాను."

అతను నోరెళ్ళబెట్టి చూశాడు. బావ ఏదీ దాచకుండా ఆ రోజు జరిగిందంతా చెప్పాడు. చొక్కా మచ్చ, మూడు అరలు, గుంట, అన్నీ.

"ఇప్పుడు అది వెతకవద్దు. అమ్మకూడదని చట్టం ఉంది, దొంగగా అమ్మేవాడిని నమ్మవద్దు. ఈ ఊరి పెద్దాసుపత్రిలో మానేదానికి మందు ఇస్తారు, మాట్లాడతారు. నాకు అప్పుడు తెలీదు. నీకు తెలిసింది కదా, ఈ పొద్దే పో. మెట్టు మెట్టుగా అడుగు, ఒక్కసారిగా మానమంటే మనకు కాదు."

"మళ్ళీ పట్టుకుంటే?" అన్నాడతను.

"నేను ఒకసారి ఎక్కి దిగినాను. మా ఇంటామెతో చెప్పే చేసినాను. నువ్వూ చెప్పు. దాచినావంటే కథ ముగిసింది."

అక్క పక్కనే ఉంది. ఆమె అతన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, ఇంట్లో ఆకు కోసేది ఎవరని. తనేనని అతను చెప్పాడు. అయితే ఆకు పనికి వేరే చొక్కా, చేతులకు వేరే సబ్బు పెట్టుకోమని, పొద్దున స్నానం కాకుండా తోటలో కాలు పెట్టవద్దని ఓపికగా చెప్పింది. అతను ఫోనులో రాసుకున్నాడు. ఆసుపత్రికి ఏ బస్సు పోతుందో నన్నడిగాడు, చెప్పాను.

ఇంతలో గంట మోగింది. బావ లేచి మూట ముడి విప్పి, గూళ్ళను తట్టలో పోసి చేత్తో పలచగా సర్దాడు. అక్క మచ్చపడిన గూడొకటి ఏరి పక్కన పెట్టింది. వేలంవాళ్ళు మా వరస వైపు నడుచుకుంటూ వచ్చారు.